పట్టా ఉన్నది.. బాట లేదు!

చేనుకు పట్టా ఉంటది. పాస్‌బుక్కుల పేరు ఉంటది. కానీ చేన్లకు పోయేటందుకు బాట ఉండదు. చుట్టూ పక్కోళ్ల పొలాలే. ట్రాక్టర్ పోదు, ఎడ్లబండి పోదు. ఇగ ఆ పట్టా ఏం జేసుకోవాలె? మన దిక్కు ఈ లొల్లి తెల్వని ఊరు లేదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ సంగతి గూడ గిట్లనే ఉన్నది.

ఓపెన్ సోర్స్ అంటె ఏంది? రాసిన కోడ్‌ను దాసిపెట్టకుండ అందరి ముంగట పెడ్తరు. ఎవరైన సదువొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకలకు ఇయ్యొచ్చు. మీ చేతిల ఆండ్రాయిడ్ ఫోను లోపల నడిచేది గూడ 1991ల మొదలైన లినక్సే. ఆ కోడ్ మీద అమెరికా ఇంజినీరుకు ఎంత హక్కున్నదో జనగామ పోరనికి గూడ అంతే ఉన్నది. అది పట్టా. దాన్ని ఎట్ల ఎక్కించాలె, ఎట్ల నడపాలె, ఎర్రర్ వస్తె ఏం జెయ్యాలె అని రాసిపెట్టేది డాక్యుమెంటేషన్. అది బాట.

ఆ బాటనే సక్కగ లేదు. 2017ల గిట్‌హబ్ ఒక సర్వే చేసింది. డాక్యుమెంటేషన్ అరకొరగ ఉన్నది, లేకుంటె పాతబడ్డదని 93 శాతం మంది చెప్పిన్రు. కోడ్ రాసేటోళ్లల్ల 60 శాతం మంది డాక్యుమెంటేషన్ జోలికి పోనే పోరు, పోయినా ఎప్పుడో ఒకసారి. ఎందుకంటె కోడ్ రాస్తె పేరొస్తది, కాయితం రాస్తె రాదు. ఇంకోటి, రాసినోనికి అంతా ఎర్కనే. కొత్తోనికి ఏది తెల్వదో ఆయనకు తెల్వదు. కోడ్ నెలనెలా మారుతది, కాయితం మాత్రం రెండేండ్ల కిందిదే ఉంటది.

దీని దెబ్బ ఎవలికి తాకుతది? హైదరాబాద్ ఆఫీసుల పనిచేసేటోనికి పక్క కుర్చీల అడిగేటందుకు ఒక మనిషుంటడు. మహబూబాబాద్ తండాల సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ముంగట కూసున్న ఆడపిల్లకు, భూపాలపల్లిల బొగ్గుబాయి కార్మికుని కొడుక్కు ఆ కాయితమే పంతులు. పంతులు లేని బడి తలుపులు ఎంత తెరిచిపెట్టినా ఏం ఫాయిదా? నేను గూడ కాలేజీల నేర్సుకున్నోన్ని కాదు. అడిగీ, గెలికీ నేర్సుకున్నోన్ని. గందుకే ఈ ముచ్చట నాకు చిన్నగ కనబడదు.

అట్లని కోడ్ రాసేటోళ్లను తిడితె న్యాయం కాదు. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్ ఉన్నది. లోకంల ఎన్నో సర్వర్లు దాని మీద ఆధారపడ్డయ్. దాన్ని ఏండ్లకేండ్లు దాదాపు ఒక్క మనిషే పైస జీతం లేకుండ సూసుకున్నడు. అలిసిపోయిండు. జల్ది చెయ్యమని ఒత్తిడి పెట్టినోళ్లే గానీ సాయం పట్టినోళ్లు లేరు. జియా టాన్ పేరుతోని ఒకడు సాయం చేస్తనని వచ్చి, నమ్మకం సంపాయించి, 2024ల దొంగ తలుపు పెట్టిండు. లాగిన్‌కు అర సెకండు ఎక్కువ పడుతున్నదేందని ఒక ఇంజినీరు ఆరా తీస్తె బయటపడ్డది. సాయం లేని కాడ దొంగలు జొరబడ్తరు.

ఇగ మన తెలుగు సంగతి. మన బమ్మెర పోతన పేరు మీద పోతన2000 అని ఫాంటున్నది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిండు. డెబియన్ లినక్స్‌ల దొరుకుతది. స్వేచ్ఛ సంస్థ తెలుగుల లినక్స్ తెచ్చింది. ఫైర్‌ఫాక్స్‌ల గూడ తెలుగున్నది. అక్షరం వచ్చింది గానీ, వాడే తీరు జెప్పే తెలుగు కాయితాలు తక్కువ. కేరళను సూడున్రి. సర్కారు బడులల్ల లినక్స్ మీదనే నేర్పుతరు. కైట్ అనే సర్కారు సంస్థ పంతుళ్లకు శిక్షణ ఇస్తది. 2018 నుంచి పిల్లలకు లిటిల్ కైట్స్ క్లబ్బులున్నయ్.

మరి మనం ఏం జెయ్యాలె? కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు పక్కకు ఒక నోటుబుక్కు పెట్టుకోన్రి. ఎక్కడ ఆగిపోయిన్రో, ఎట్ల బయటపడ్డరో రాయున్రి. ఆ కాయితంల తక్కువబడ్డది అదే. దాన్ని రీడ్‌మీ ఫైల్ల కలపమని పంపున్రి. ఇంగ్లీష్ రాకుంటె తెలుగుల రాసి దోస్తులకు ఇయ్యున్రి. కొత్తోనికి కనబడే గుంతలు పాతోనికి కనబడవు, గందుకే ఈ పనికి మీరే సరిపోతరు. సాయం అడిగేటప్పుడు "పనిచేస్తలేదు" అని ఊకోవద్దు. ఏ వెర్షను, ఏ కమాండు కొట్టిన్రు, ఎర్రర్ల ఏం రాసున్నది, మీరేం ప్రయత్నం చేసిన్రు, అన్నీ చెప్పాలె. ఫోటో గాదు, అక్షరాలు పెట్టాలె.

పేరు కోసం మాత్రం చెయ్యొద్దు. 2020 అక్టోబర్‌ల హాక్టోబర్‌ఫెస్ట్ టీ-షర్టు కోసం ఎంతోమంది రీడ్‌మీలల్ల పనికిరాని మాటలు జొప్పిచ్చి పంపిన్రు. సూసుకునేటోళ్లు మస్తు పరేషానయిన్రు. ఆఖరికి రూలే మార్సిన్రు.

సర్కారును గూడ అడగాలె. సర్కారు పనులకు ఓపెన్ సోర్స్‌కే మొగ్గు ఇయ్యాలని కేంద్రం 2015ల పాలసీ తెచ్చింది. మన పైసలతోని చేసిన సాఫ్ట్‌వేర్‌కు మన తెలుగుల కాయితం ఎందుకుండదు? అడుగుడు అడుగుడే, మన పని మన పనే. కాలేజీల అయిదుగురు కూడున్రి, ఒక్క సాఫ్ట్‌వేర్ పట్టుకోన్రి, ఒక్క పేజీ రాయున్రి. మీ యెనుక వచ్చేటోడు మీరు ఆగిన కాడ ఆగకుండ పోవాలె.