ఐర్లండ్ భూచట్టం: పేరు ఒకరిది, హక్కులు పలువురివి

అడంగల్‌లో పేరు, పాస్‌బుక్‌లో పేరు, ఈసీలో పేరు. మూడూ సరిపోతే భూమి మనదేనని మనకో ధీమా. ఆ ధీమాతో ఐర్లండ్ భూచట్టం పుస్తకం తెరిస్తే తికమక తప్పదు. అక్కడ పాఠమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ భూమి మీద ఇంకా ఎవరెవరికి ఏం హక్కుంది?

అపోహ: అది ఇంగ్లండ్ చట్టానికి జిరాక్స్ కాపీ.

వాస్తవం: వేళ్లు అక్కడివే, చెట్టు వేరు. 1860 నాటి డీజీ చట్టం భూస్వామికీ కౌలుదారుకీ ఉన్న సంబంధాన్ని ఒప్పందంగా మార్చింది. వినడానికి సంస్కరణే. బేరమాడే సత్తువ లేని రైతుకు మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఫ్యూడల్ కాలపు మిగుళ్లను తుడిచేసింది 2009 చట్టం. 1290 నాటి శాసనమొకటి అప్పటిదాకా పుస్తకాల్లో బతికే ఉంది!

అపోహ: బాయ్‌కాట్ అనే భూస్వామిపై తిరగబడి రైతులు భూములు లాక్కున్నారు.

వాస్తవం: ఇందులో రెండూ తప్పే. కెప్టెన్ చార్ల్స్ బాయ్‌కాట్ లార్డ్ ఎర్న్ దగ్గర ఏజెంటు, మన జమీందారీల భాషలో దివాణం మనిషి. 1880లో మేయో కౌంటీలో, లాఫ్ మాస్క్ సరస్సు ఒడ్డున ఆయన పంట చేతికొచ్చే వేళకు కూలీలు రావడం మానేశారు. దుకాణదారు సరుకివ్వలేదు, బట్టలుతికే మనిషి గడప తొక్కలేదు, ఉత్తరాలు తెచ్చేవాడూ రాలేదు. మన పల్లెల్లో దీన్నే వెలి అంటారు. చివరికి ఉల్‌స్టర్ నుంచి యాభై మంది దాకా వచ్చి, సైనికుల కాపలాలో బంగాళదుంపలు, టర్నిప్‌లు తవ్వారు. పంట విలువకు ఎన్నో రెట్లు కాపలాకే ఖర్చయింది.

మరుసటేడాది వచ్చిన చట్టం న్యాయమైన కౌలు, కౌలు భద్రత, తన హక్కును అమ్ముకునే స్వేచ్ఛ రైతుకు ఇచ్చింది. 1885 బెంగాల్ కౌలుదారీ చట్టానికి ముందు మన దేశంలో సాగిన చర్చల్లోనూ ఈ ఐర్లండ్ ముచ్చట వినపడింది.

భూమి మాత్రం కొనుక్కుంటేనే వచ్చింది. 1903 విండం చట్టం కింద ప్రభుత్వమే రైతుకు అప్పిచ్చింది, భూస్వామికి ధర మీద 12 శాతం బోనస్ కూడా ముట్టజెప్పింది. వాయిదాలు 68 ఏళ్లకు పైగా కట్టాలి. తాత కొన్న పొలానికి మనవడు కిస్తీ కట్టడమన్నమాట. దేశం విడివడ్డాక కూడా ఆ సొమ్ము బ్రిటన్‌కు వెళ్తూనే ఉంది. 1932లో ఐర్లండ్ ప్రభుత్వాధినేత డి వలేరా పంపడం ఆపేశారు. రైతుల దగ్గర వసూలు మాత్రం ఆపలేదు, సగానికి తగ్గించారంతే! బ్రిటన్ కోపంతో ఐర్లండ్ పశువుల మీద సుంకాలు వేసింది. 1938లో కోటి పౌండ్లకు ఆ లెక్క తెగింది. లాక్కున్న భూమికి ఇంత పద్దు ఎందుకుంటుంది?

అపోహ: రిజిస్ట్రీ మ్యాప్‌లో గీత ఎక్కడుంటే హద్దు అక్కడే.

వాస్తవం: 2023 నుంచి భూ రిజిస్ట్రీ టాల్చె ఏరన్ అనే సంస్థ చేతిలో ఉంది. అది ఇచ్చే ఫోలియో అనే ఆస్తి రికార్డులో స్థలం వివరం, యజమాని, భారాలు అని మూడు భాగాలుంటాయి. యజమాని హక్కుకు ప్రభుత్వ పూచీ ఉంటుంది, హద్దు గీతకు సాధారణంగా ఉండదు. మ్యాప్ స్థలం ఎక్కడుందో చూపిస్తుంది గానీ గట్టు తగాదా తీర్చదు. ప్రభుత్వ పూచీతో టైటిల్ ఇచ్చే పద్ధతిని 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో ప్రవేశపెట్టిన రాబర్ట్ టారెన్స్ ఐర్లండ్‌లోని కార్క్‌లో పుట్టినవాడే. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో రద్దయిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం గొడవలో మనం విన్న టారెన్స్ పేరు ఈయనదే.

అపోహ: పన్నెండేళ్లు సాగులో ఉంటే సొంతమైపోతుంది.

వాస్తవం: యజమాని అనుమతితో ఉన్న కాలం లెక్కలోకి రాదు. ‘కాస్త చూసుకోరా’ అని అన్న అప్పగించిన పొలం తమ్ముడిదైపోదు. ప్రభుత్వ భూమికైతే గడువు 30 ఏళ్లు.

అపోహ: ఆస్తిని ముట్టుకోవడానికి ఐర్లండ్ రాజ్యాంగం ఒప్పుకోదు.

వాస్తవం: మన దగ్గర 1978 సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుంచి పోయింది. ఐర్లండ్‌లో 1937 రాజ్యాంగం 43వ అధికరణ దాన్ని సహజ హక్కు అంటుంది. ఆ వెంటనే సామాజిక న్యాయానికి, ఉమ్మడి మేలుకు లోబడాలనీ అంటుంది. ఈ రెండు మాటల మధ్యే కేసులన్నీ నడుస్తాయి. 1981లో సుప్రీంకోర్టు అద్దె నియంత్రణ నిబంధనలను కొట్టేసింది. 2000లో అదే కోర్టు, బిల్డర్లు 20 శాతం దాకా స్థలాన్ని అందుబాటు ధరల ఇళ్ల కోసం వదులుకోవాలన్న నిబంధనను నిలబెట్టింది. నా మటుకు నాకు రెండో తీర్పే రాజ్యాంగాన్ని పూర్తిగా చదివిన తీర్పు.

అపోహ: ఇల్లు నా ఒక్కడి పేరునే ఉంది, నా ఇష్టం.

వాస్తవం: 1976 చట్టం ప్రకారం కుటుంబం కాపురమున్న ఇంటిని భార్య లేదా భర్త ముందస్తు రాతపూర్వక సమ్మతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. పైగా ఫోలియోలో ఎక్కకపోయినా, ఇంట్లో నివసిస్తున్నవారి హక్కులు కొన్ని కొన్నవాడి నెత్తికి చుట్టుకుంటాయి. డబ్లిన్‌లో ఇల్లు చూస్తున్న మనవాళ్లు ఫోలియోలో యజమాని పేరు చూసి ఆగిపోకండి. భారాలుండే మూడో భాగం చదవండి, లాయరుకు చూపించండి, ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో తలుపు కొట్టి మరీ అడగండి.