తెరల తారతమ్యము

దుకాణపు దీపముక్రింద చీర రంగును నమ్మి కొను గృహిణి మనలో అరుదు. వాకిటికి తెచ్చి, వెలుతురున విప్పి చూచినగాని బేరము కుదుర్చుకొనము. చేతిఫోను కొనునప్పుడు మాత్రము ఈ వివేకము మనల నేల విడిచిపోవుచున్నదో తెలియదు. దుకాణమున ఆడుచున్న రంగుల బొమ్మలను చూచి, తెర యెంత పెద్దదని మురిసి, సొమ్ము చెల్లించి వచ్చుచున్నాము.

2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోని పెదకూరపాడు ప్రాంతమున ఇది అల్పవిషయము కాదు. మాఘఫాల్గుణములలో మిరపకల్లములయొద్ద కాయలు ఆరబోయుచు, ఏరుచు, పగలెల్ల ఆరుబయట గడపు స్త్రీలు పెక్కండ్రు. కూలి సొమ్ము, డ్వాక్రా సంఘపు వాయిదా మొదలగు లెక్కలు నేడు ఫోను తెరమీదనే చూచుకొనవలసి వచ్చుచున్నది. మిట్టమధ్యాహ్నపుటెండలో తెర వెలవెలబోయి, 15,000 రూపాయలలో ఒక సున్న కానరాకున్న నష్ట మెవరిది?

తక్కువ వెలగల రెండు ఫోనులను ఉదాహరణముగా తీసికొందము. 2023 డిసెంబరులో వెలువడిన రెడ్‌మీ 13సీ 5జీ మొదటిది; 2024 ఏప్రిలులో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎం15 5జీ రెండవది. మొదటిదాని తెర 6.74 అంగుళములు, రెండవదానిది 6.5 మాత్రమే. పరిమాణమున మొదటిదే మిన్న. కాని తెర యనగా చుక్కల ముగ్గువంటిది. మొదటిదానిలో అడ్డమునకు 720, నిలువునకు 1,600 చుక్కలు. రెండవదానిలో 1,080, 2,340. అనగా అంగుళమునకు ఒకదానిలో సుమారు 260, వేరొకదానిలో 396. మన లిపికి గుడులు, కొమ్ములు, ఒత్తులు గలవు గదా! చుక్కలు పలుచనైనచోట, చిన్న యక్షరములలో ‘ద’కును ‘ధ’కును గల భేదము అలుకుకొనిపోవును. అక్షరములను పెద్దవిగా చేసికొనిన ఈ లోపము చాలవరకు తీరుననుటయు న్యాయమే.

వెలుగు మాట వేరు. మొదటిది ఎల్‌సీడీ తెర. వెనుక దీపము వెలుగుచుండ, ముందున్న పొర ఆ వెలుగును ఒకచోట అడ్డగించి ఒకచోట విడిచి బొమ్మను చూపును. రెండవది అమోలెడ్. ఇందు ప్రతి చుక్కయు తానే వెలుగును. నలుపు కావలసినచోట ఆరిపోవును. వెలుగును నిట్లతో కొలుతురు. చదరపు మీటరు వైశాల్యమున ఒక క్రొవ్వొత్తిపాటి వెలుగు ఒక నిట్. మిక్కిలి వెలుగులో మొదటిదానికి 600, రెండవదానికి 800 నిట్లని తయారీదారుల ప్రకటన. కల్లమునకు పోవు స్త్రీకి ముఖ్యమైన సంఖ్య ఇదియే యని మా యభిప్రాయము. సెకనునకు 90 మారులు తెర మారుట రెంటికిని సమానమే; ఆ గొప్ప చెప్పువారి మాట వినకున్నను లోపము లేదు.

అయితే అమోలెడ్ తెర పగిలినచో క్రొత్తది వేయించుటకు సామాన్యముగా వ్యయమధికము. పసిబిడ్డలు ఫోనును లాగుకొను ఇండ్లలో ఇదియు ఆలోచింపదగినదే. ఇంటిపట్టుననే వాడుకొనువారికి మొదటిది చాలును.

ఆ ఫోనును అత్తగారును చూడవలసియున్నచో ఆమెను వెంటబెట్టుకొని పొండు. దుకాణదారుడు విసుగుకొనినను సరే, ఫోనును వాకిటి యెండలోనికి తెప్పించి, వెలుగును నిండుగా పెంచి, తెలుగు వార్త యొకటి తెరచి, చిన్న యక్షరములలో పది పంక్తులు ఆమెచేత చదివింపుడు.