యాభై దాటాక ఈత

ఈత ఎప్పుడు నేర్చుకోవాలి అని అడిగితే, చిన్నప్పుడే అని మీరు అంటారు. కాని మన డర్బన్‌లో యాభై, అరవై దాటిన మనవాళ్లను అడిగి చూడండి. చాలామందికి ఈత రాదు. అది వాళ్ల తప్పు కాదు. 1953లో వచ్చిన చట్టం బీచ్‌లను, పూల్‌లను మనుషుల రంగును బట్టి పంచింది. 1990లో గాని అది రద్దు కాలేదు. 1860 నుంచి మన పెద్దలు ఓడల్లో సముద్రం దాటి వచ్చారు. వాళ్ల మునిమనవలు మాత్రం అదే సముద్రంలో కాలు పెట్టే ముందు బోర్డు చదవాల్సి వచ్చింది.

నేను శనివారం ఉదయం పెద్దవాళ్లకు ఈత నేర్పుతాను. తొమ్మిది మంది వస్తారు, ఎక్కువమంది అమ్మమ్మలు, తాతయ్యలే. మీరూ రావచ్చు. ముందు కొన్ని సంగతులు వినండి.

మొదటి రోజు ఈత ఉండదు. మీరు మెట్ల మీద కూర్చుని, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతో బుడగలు వదలాలి. పిల్లలకు ఇది ఆట. పెద్దవాళ్లు భయంతో ఊపిరి బిగపట్టేస్తారు. అప్పుడు ఒళ్లంతా బిగుస్తుంది, కాళ్లు మునుగుతాయి. ఊపిరి వదలడం వచ్చాక వెల్లకిలా తేలడం నేర్పుతాను. చెవులు నీళ్లలో, చూపు పైకి, పొట్ట పైకి. ఆ తర్వాత మళ్లీ నిలబడడం. మోకాళ్లు పొట్టవైపు లాగండి, తల ముందుకు తెండి, చేతులతో నీళ్లు తోయండి, అప్పుడు పాదాలు కింద పెట్టండి. ఇది వచ్చిన రోజు మీ భయం సగం పోతుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఒక శనివారం నేను ఒకరి కాళ్లు సరిచేస్తున్నాను. మా పూల్ అడుగు మెల్లగా వాలుతుంది. ఒక అక్క వెనక్కి వెనక్కి నడిచి లోతుకు వెళ్లిపోయారు. తల వెనక్కి వాలింది, నోరు నీటి అంచున ఉంది, చేతులు నీళ్లను కిందికి నొక్కుతున్నాయి. ఒక్క కేక లేదు. మునిగే మనిషికి కేక వేయడానికి ఊపిరి ఉండదు, సినిమాల్లో చూపించేది వేరు. పక్కనున్న తాతయ్య "టీచర్, అక్కను చూడండి!" అన్నారు. పొడవు కర్ర అందించి లాగాం. అక్క దగ్గి, "ఏం కాలేదులే" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి ఒకరు నేర్పుతారు, ఇంకొకరు గట్టు మీద నిలబడి చూస్తారు. చూసేవాళ్ల చేతిలో ఫోన్ ఉండదు. ఛాతీ లోతు దగ్గర తాడు కడతాం. ప్రతి ఒక్కరికీ ఒక జత ఉంటారు.

ఎవరైనా మునుగుతుంటే మీరు దూకకండి. కర్ర అందించండి, లేదా తేలే వస్తువు విసరండి. భయపడిన మనిషి మిమ్మల్నీ కిందికి లాగుతారు. షుగర్, బీపీ మందులు వాడితే ముందే చెప్పండి. చెప్పడానికి సిగ్గెందుకో నాకు అర్థం కాదు! గబగబా ఊపిరి పీల్చి నీటి కింద ఎంతసేపు ఉంటామో అని పందెం వేయకండి. అలా చేస్తే ఊపిరి కావాలని శరీరం చెప్పకముందే స్పృహ పోవచ్చు. ఉరుము వినిపిస్తే వెంటనే బయటికి రండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

ఆ అక్క ఇంకా వస్తున్నారు. ఇప్పుడు సముద్రానికి తీసుకెళ్లమంటున్నారు. లైఫ్‌గార్డ్ ఉన్నప్పుడు, జెండాల మధ్యనే, మోకాలి లోతు వరకే అన్నాను. నడుము దాకా అని ఇంకా బేరమాడుతున్నారు.