ఒక పెట్టెయా, రెండు పెట్టెలా?

జనగామలో గాని, మహబూబాబాదు, భూపాలపల్లిలలో గాని ఇంట్లో పాట హాయిగా వినగోరే గృహస్థునకు వచ్చే చిక్కు ఇది: ఆంప్లిఫయరు ఒకే పెట్టెగా కొనాలా, రెండుగానా?

రికార్డు మీది సూది నుంచి వచ్చే విద్యుత్తు సాధారణంగా 5 మిల్లీవోల్టులే. దానిని సవరించి పెంచేది ప్రీ ఆంప్లిఫయరు. స్పీకరును కదిలించే బలమిచ్చేది పవర్ ఆంప్లిఫయరు. ఇద్దరిదీ ఒకే కాపురమైతే ట్రాన్స్‌ఫార్మరు రొద ఆ సన్నని సంకేతానికి అంటుకోవచ్చు. వేరు కాపురాలకు అదొక ముఖ్యకారణం. నేర్పరి తయారీదారు ఒక్క పెట్టెలోనూ దానిని అణచగలడనుకోండి.

ఇక వాట్ల మోజు! 50 వాట్లను 100 చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే; చెవికి స్వల్పం. మనది పెళ్లిపందిరి కాదు గదా! మామూలు గదికి ఒకే పెట్టె చాలును. మిగిలిన సొమ్ము స్పీకర్లపై పెట్టండి. మన ఎండలకు పెట్టె మీద అల్లిక గుడ్డ మాత్రం కప్పకండి.