ఇంజిన్ లైట్ వెలిగిందా? మన్ననూర్ గేటు దాటకముందే ఆగి చూసుకోండి

"మీటర్‌లో పసుపు లైట్ పడింది, బండి మాత్రం మంచిగనే నడుస్తోంది. పోవచ్చా భాయ్?" అచ్చంపేటలో కిరాయి కార్లు నడిపేవాళ్ల దగ్గర, సొంత బండి ఉన్న ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పాలంటే ముందు రెండు సంగతులు తెలియాలి. లైట్ ఎట్లా వెలుగుతోంది? బండి ఎటు పోతోంది?

హైదరాబాద్ వైపైతే డిండి, వెల్దండ, ఆమనగల్లు... దారి పొడవునా షెడ్లు ఉన్నాయి. ఎక్కడో ఒక చోట ఆపుకోవచ్చు. కానీ మార్కాపురంలో చుట్టాలింటికో, శ్రీశైలం కిరాయికో పోతుంటే సంగతి వేరు. మన్ననూర్ నుంచి దోమలపెంట దాకా సుమారు 60 కిలోమీటర్లు అమ్రాబాద్ పులుల అభయారణ్యమే. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల అందదు, మెకానిక్ ఉండడు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. సాయంత్రం ఏడున్నరకు లోపలికి పోయి మధ్యలో ఆగిపోతే, పిల్లలతో ఆ రాత్రి ఎట్లా గడుస్తుందో ఆలోచించండి.

ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైట్ కదలకుండా వెలుగుతోందా, లేక ఆరుతూ వెలుగుతోందా? అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. కదలకుండా ఉంటే ఏదో సెన్సార్ తేడా రీడింగ్ ఇస్తోందనో, పొగ ఎక్కువవుతోందనో కంప్యూటర్ చెబుతున్నట్టు. పికప్ తగ్గలేదు, ఇంజిన్ ఊగట్లేదు, టెంపరేచర్ మామూలుగానే ఉంది అంటే నెమ్మదిగా షెడ్డు దాకా నడపొచ్చు. అడవిలోకి మాత్రం వద్దు. ఆరుతూ వెలుగుతుంటే మిస్‌ఫైర్ అవుతున్నట్టే. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి, భద్రమైన చోట చూసి ఆపాలి. లెక్క కూడా చూడండి: స్పార్క్ ప్లగ్‌లు, కాయిల్ మారిస్తే కొన్ని వేలతో పోతుంది. అట్లనే తోలుకుంటూ పోతే కన్వర్టర్ కాలిపోయి ఖర్చు పదివేలల్లోకి ఎక్కుతుంది.

ఆపే చోటు గురించి ఒక మాట. మిస్‌ఫైర్ అయిన బండి కింద కన్వర్టర్ నిప్పులా కాలుతుంటుంది. ఎండాకాలం రోడ్డు పక్కన ఎండుగడ్డి, రాలిన ఆకుల మీద ఆపితే బండికీ అడవికీ నిప్పంటుకోవచ్చు. తారు మీదనో, ఒట్టి నేల మీదనో ఆపండి.

ఇంజిన్‌కు రెస్ట్ ఇద్దామని ఘాట్ దిగేటప్పుడు కీ ఆఫ్ చేసి బండిని వదిలేసేవాళ్లున్నారు. దోమలపెంట తర్వాత డ్యామ్ వైపు దిగే మలుపుల్లో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంజిన్ ఆగితే రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేక్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. గేర్‌లోనే, ఇంజిన్ నడుస్తుండగానే దిగాలి.

ఎర్ర లైట్లు వేరు. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే "పక్క ఊరి దాకా" అనే మాటే లేదు, ఆ క్షణమే ఇంజిన్ బంద్ చేయాలి. ఆయిల్ ప్రెజర్ లేకుండా నడిస్తే ఇంజిన్ కొన్ని నిమిషాల్లోనే పట్టేయొచ్చు. టెంపరేచర్ ఎర్రగా ఉంటే ఏసీ ఆపి, బండిని పక్కకు పెట్టి చల్లారనివ్వండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు, మరిగే నీళ్లు మొహానికి చిమ్ముతాయి.

ఇక షెడ్డు సంగతి. 2013 ఏప్రిల్ నుంచి మన దేశంలో కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ పెడితే కోడ్ కనబడుతుంది. పీ-0301 అంటే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్. పీ-0420 అంటే కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని. కోడ్ సంకేతం మాత్రమే, ఫలానా పార్టు మార్చమని కాదు. 0301కు ప్లగ్ కారణం కావచ్చు, కాయిల్, ఇంజెక్టర్ కూడా కావచ్చు. మేస్త్రీతో "కోడ్ రాసివ్వు అన్నా, ఏం చెక్ చేసి ఈ పార్టు మార్చమంటున్నావ్?" అని అడగండి. అడిగితే తప్పేం లేదు. కోడ్ చెరిపేసి "అయిపోయింది" అంటే పని కానట్టే, రెండు రోజుల్లో లైట్ మళ్లీ వస్తుంది.

హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ కారు కొంటున్నవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి. స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే ఇంజిన్ లైట్ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని తీసేసి ఉండొచ్చు. ముందురోజే కోడ్ చెరిపినా దొరుకుతుంది. స్కానర్‌లో "మానిటర్లు రెడీ కాలేదు" అని వస్తే బేరం అక్కడే ఆపి, రెండు మూడు రోజులు బండి తిరిగాక మళ్లీ చూడండి.

బీఎస్-6 డీజిల్ బండ్లది ఇంకో తలనొప్పి. ఇంటి నుంచి బడి, బడి నుంచి బజార్, ఇట్లా పొట్టి తిరుగుళ్లకే వాడితే డీపీఎఫ్ అనే ఫిల్టర్‌లో మసి నిండుతుంది. దాని లైట్ పడితే డిండి రోడ్డు మీద ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడపండి, చాలాసార్లు మసి కాలిపోయి లైట్ ఆరిపోతుంది. ఆరకపోతే సర్వీస్ సెంటర్‌కే పోవాలి.

అడవిలో ఆగిపోతే హజార్డ్ లైట్లు వేసి, అద్దాలెక్కించుకుని లోపలే కూర్చోండి. పొగో, కాలిన వాసనో వస్తే మాత్రం వెంటనే అందరూ దిగి దూరం జరగాలి. సిగ్నల్ అందితే 112కు చేయండి. లేకపోతే ఎదురొచ్చే ఆర్టీసీ బస్సు డ్రైవర్‌తో చెక్‌పోస్ట్‌కు కబురు పంపండి.