నర్సు అంటే సగం డాక్టరా? (ఎపిసోడ్ పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్)

సిద్దిపేట నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేసిన. ఈరోజు టాపిక్ నర్సింగ్. ఇంటర్ బైపీసీ వాళ్లు చాలామంది కామెంట్స్‌లో అడిగిర్రు: "అన్నా, ఎంబీబీఎస్ సీటు రాలే, నర్సింగ్ పెట్టుకోవచ్చా?" అడిగిన తీరులోనే ఒక లెక్క దాగి ఉంది. నర్సు అంటే సగం డాక్టర్ అని. ఆ లెక్క దగ్గరి నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే అది తప్పు లెక్క.

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు స్కూల్లోనే విన్నాం. 1854లో క్రిమియా యుద్ధం టైమ్‌లో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి వెళ్లింది. చేతిలో దీపం ఉన్న బొమ్మ వల్ల ఆమె జాలిగుణమే మనకు గుర్తుండిపోయింది. నాలాంటి డేటా పిచ్చోళ్లకు నచ్చేది వేరే. సైనికులు గాయాలతో కంటే రోగాలతోనే ఎక్కువ చనిపోతున్నారని లెక్కలు తీసి, గ్రాఫ్ గీసి మరీ చూపించింది. 1859లో 'నోట్స్ ఆన్ నర్సింగ్' అని పుస్తకం రాసింది. గాలి, వెలుతురు, శుభ్రత, తిండి, నిశ్శబ్దం సరిగ్గా ఉండేలా చూసి, ఒళ్లు తనంతట తాను కోలుకునే పరిస్థితి కల్పించడమే నర్సు పని అని ఆమె వాదన. పేషెంట్‌ను గమనించడం మీద అందులో ప్రత్యేకంగా ఒక చాప్టరే ఉంది.

తర్వాత అమెరికాలో వర్జీనియా హెండర్సన్. 1966లో ఆమె చెప్పింది నా మాటల్లో చెప్తా. ఆ మనిషికి శక్తి, ఇష్టం, తెలివిడి ఉంటే తానే చేసుకునే పనుల్లో సాయం చేయడం, వీలైనంత తొందరగా మళ్లీ తానే చేసుకునేలా నిలబెట్టడం. కోలుకోలేని వాళ్లయితే ప్రశాంతంగా పోయేలా చూడడం కూడా అందులో భాగమే. డాక్టర్ రాసిన వైద్యం జరిగేలా చూడటం నర్సు బాధ్యతే, కానీ ఈ పనిలో నిర్ణయం మాత్రం నర్సుదే.

ఇప్పుడు వార్డుకి రండి. నేను సాఫ్ట్‌వేర్‌లో చేసినప్పుడు ఒకటి చూసిన. సర్వర్ పడిపోయాక వచ్చి లేపినోడికి చప్పట్లు. రాత్రంతా మానిటర్ చేస్తూ, పడకముందే పట్టుకున్నోడి సంగతి ఎవరికీ తెల్వదు. హాస్పిటల్లో ఆ రెండో పని నర్సుది. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి కొన్ని నిమిషాలు ఉంటారు. మిగతా టైమంతా షిఫ్టుల వారీగా నర్సులే. ఆపరేషన్ అయిన మనిషికి బీపీ బాగానే ఉంటది, కానీ నాడి మెల్లగా పెరుగుతోంది, మూత్రం తగ్గుతోంది, మాట కొంచెం తడబడుతోంది. లోపల రక్తం పోతుండొచ్చు. ఇది పట్టుకోవాలంటే చదువూ కావాలి, అనుభవమూ కావాలి. కొత్త నర్సు రూల్స్ చూసుకుంటూ పనిచేసే దశ నుంచి, మొత్తం పరిస్థితిని ఒక్క చూపులో అర్థం చేసుకునే దశ దాకా ఐదు మెట్లుంటాయని ప్యాట్రీషియా బెన్నర్ 1984లో రాసింది.

మరి ఒకే నర్సుకి పేషెంట్లు పెరిగితే? లిండా ఐకెన్ టీమ్ అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల సర్జరీ పేషెంట్ల మీద లెక్కలు తీసి 2002లో అచ్చేసింది. నర్సుకి ఒక్కో పేషెంట్ పెరిగేకొద్దీ, 30 రోజుల్లోపు చనిపోయే రిస్క్ సుమారు 7 శాతం పెరిగింది. నూటికి ఏడుగురు ఎక్కువ పోయిర్రని కాదు, అంతకుముందున్న రిస్క్ మీద 7 శాతం. అయినా చిన్న విషయం కాదు. ఈసారి మీ చుట్టాలను చూడ్డానికి హాస్పిటల్ పోతే రాత్రి డ్యూటీలో సిస్టర్లు ఎంతమంది, బెడ్లు ఎన్ని అని ఒక్కసారి లెక్కపెట్టండి.

పక్కనే కూర్చుని గమనించే ఈ పని విలువ కాన్పు గదిలో ఇంకా బాగా తెలుస్తది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. (ముహూర్తం పెట్టించుకుని కోయించుకునే మనోళ్ల వాటా కూడా ఉంది ఇందులో, ఒప్పుకోవాలి.) 2017లో ప్రభుత్వం, ఫెర్నాండెజ్ హాస్పిటల్, యూనిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫ్ ట్రైనింగ్ మొదలుపెట్టారు. నొప్పుల టైమ్‌లో తల్లి పక్కనే ఉండటం, నడిపించడం, ధైర్యం చెప్పడం, తేడా వస్తే వెంటనే డాక్టర్‌ను పిలవడం. మామూలు కాన్పు తనంతట తాను చేసే అధికారం, ఆ చదువు, రెండూ కలిసి వచ్చాయి. నర్సింగ్‌లో నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది ఇదే.

జీతం దగ్గరికొస్తే కథ మారుతది. 2016లో సుప్రీంకోర్టు చెప్పినాక కేంద్రం వేసిన కమిటీ ఏమన్నదంటే, 200 బెడ్లు దాటిన ప్రైవేట్ హాస్పిటల్‌లో గవర్నమెంట్ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 50 బెడ్ల లోపు ఉన్నా కనీసం నెలకు 20 వేలు. కానీ అది సిఫార్సు. అమలు రాష్ట్రాల మీద వదిలేసిర్రు. 2023లో మన రాష్ట్రంలో సర్కారు స్టాఫ్ నర్స్ పేరు 'నర్సింగ్ ఆఫీసర్' అయింది. మన సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావే అప్పుడు ఆరోగ్య మంత్రి. పేరు మారడం మంచిదే, కానీ ప్రైవేటులో చేసే సిస్టర్‌కి దాంతో ఒరిగిందేం లేదు. అందుకే జర్మన్ భాష నేర్చుకుని పోయేవాళ్లున్నారు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామే ఆ ట్రైనింగ్ ఇస్తోంది.

సో, నర్సింగ్ పెట్టుకోవచ్చా? సీటు రాలేదని అయితే వద్దు. మనుషులను ఓపికగా గమనించగలను అనుకుంటే పెట్టుకోండి. కాలేజీ చూసేటప్పుడు ఫీజు ఒక్కటే అడగకండి. ప్రాక్టికల్స్‌కి ఏ హాస్పిటల్‌కి పంపుతారు, అక్కడ బెడ్లు నిజంగా నిండుతాయా, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా అని అడగండి. ఇప్పటికే డ్యూటీ చేస్తున్న అక్కలు, అన్నలు ఎవరైనా చూస్తుంటే, నైట్ షిఫ్టులో మీకు ఎంతమంది పేషెంట్లో కామెంట్‌లో రాయండి. హాస్పిటల్ పేరు మాత్రం రాయకండి.