జామపండుకీ టైఫాయిడ్‌కీ చుట్టరికం

విశాఖ పూర్ణా మార్కెట్‌లో జామపండ్ల గంపలు చూసినప్పుడల్లా నాకు టైఫాయిడ్ గుర్తొస్తుంది. కడగకుండా తింటే జ్వరం వస్తుందని కాదు. జామరసాన్ని పంచదారతో కాస్తే జెల్లీగా పేరుకుంటుంది కదా, అందుకు కారణం పెక్టిన్. ఆ పెక్టిన్‌కీ, టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంటి నిండా కప్పుకునే 'వీఐ' అనే దుప్పటికీ దగ్గరి చుట్టరికం ఉంది.

వీఐని 1934లో ఫెలిక్స్, పిట్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. పెక్టిన్ లాగే ఇదీ చక్కెర ఆమ్లాల పొడవాటి గొలుసు. రెండింటిలోనూ ఒక చక్కెర ఒకటో కార్బన్, పక్కదాని నాలుగో కార్బన్‌తో ముడిపడుతుంది. వీఐలో అదనంగా ఉన్నవి రెండు: రెండో కార్బన్ దగ్గర నైట్రోజన్‌ని పట్టుకుని ఎసిటైల్ అనే చిన్న అణువుల గుంపు ఒకటి, మూడో కార్బన్ దగ్గర చాలాచోట్ల ఇంకొకటి.

కంటికి ఆనని గొలుసులో ముడి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? హార్బర్‌లో లంగరు గొలుసుకు రంగు వేసి, తర్వాత కడియాలు విడదీశారనుకోండి. ఒకదానికొకటి ఆనుకున్న చోట రంగు అంటదు. రసాయన శాస్త్రజ్ఞులు రంగుకు బదులు మిథైల్ అనే చిన్న అణువుల గుంపును పూస్తారు, ఆమ్లంతో గొలుసు తెంపుతారు, పూత పడని కార్బన్లు వెతుకుతారు. అయితే వీఐలాంటి గొలుసులు ఆమ్లానికి ఓ పట్టాన తెగవు. అందుకే నాకు ఎన్‌ఎంఆర్ అనే పరీక్ష అంటే అంత ఇష్టం. గొలుసును తెంపకుండానే, అయస్కాంత క్షేత్రంలో ఒక్కో హైడ్రోజన్ తన ఇరుగుపొరుగును బట్టి పలికే తీరు విని ఏది ఎక్కడుందో చెబుతుంది.

1967లో హేన్స్, కీస్లింగ్ వీఐ నిర్మాణం ప్రకటించారు. వాళ్లు వీఐని తీసుకున్నది ఇదే దుప్పటి కప్పుకునే సిట్రోబ్యాక్టర్ అనే మరో బ్యాక్టీరియా నుంచి.

తర్వాత తేలిన సంగతి ఏమిటంటే, మూడో కార్బన్ మీది ఎసిటైల్‌ని ఊడగొడితే వీఐ టీకాగా పనికిరాదు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసే టైప్‌బార్ టీసీవీ అనే టైఫాయిడ్ టీకా ఒక్కో డోసులో ఉండే 25 మైక్రోగ్రాముల వీఐకి ఆ ఎసిటైల్లే ప్రాణం. రెండేళ్లలోపు పిల్లల ఒంటికి ఉత్త చక్కెర గొలుసు సరిగా ఆనదు. అందుకే దాన్ని టెటనస్ ప్రోటీన్‌కి ముడివేశారు. 2017 డిసెంబరులో ఈ టీకాకి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. నేపాల్ పిల్లల్లో ఇది 81.6 శాతం రక్షణ ఇచ్చింది.

ఇక పెక్టిన్ సంగతి. 1994లో అమెరికాలో షూ అనే శాస్త్రవేత్త బృందం పండ్ల పెక్టిన్‌కి ఎసిటైల్లు తగిలించి, ప్రోటీన్‌కి ముడివేసి ఎలుకలకు ఇచ్చింది. వీఐని ఎన్నడూ చూడని ఆ ఎలుకల రక్తంలో వీఐని పట్టుకునే యాంటీబాడీలు పుట్టాయి.